ఏళ్లకు ఏళ్లు సాగే ఆయుధ ఒప్పందాలు, ఏడాదికే చెల్లే పద్దులు: రక్షణ కొనుగోళ్ల నిధులకు చట్టం గీసిన హద్దులు

యుద్ధ విమానం, యుద్ధ నౌక, క్షిపణి వ్యవస్థ వంటివి ఒక్క ఏడాదిలో తయారై దళాల చేతికి వచ్చేవి కావు. ఒప్పందంపై సంతకం జరిగిన నాటి నుంచి చివరి సరఫరా వరకు ఐదేళ్ల నుంచి పదేళ్లు, కొన్ని సందర్భాల్లో అంతకు మించిన కాలం పడుతుంది. వాటికి చెల్లించవలసిన సొమ్మును మాత్రం పార్లమెంటు ఏ ఏటికా ఏడు మంజూరు చేస్తుంది. మార్చి 31తో ఆ మంజూరుకు కాలం చెల్లుతుంది. దీర్ఘకాలపు బాధ్యతను ఏడాది పద్దుతో మోయవలసి రావడమే రక్షణ కొనుగోళ్లలో తరచూ తలెత్తే ఆర్థికపరమైన చిక్కులకు మూలం.

2024-25 ఆర్థిక సంవత్సరంలో రక్షణ మంత్రిత్వ శాఖ 193 ఒప్పందాలు కుదుర్చుకుంది. వాటి మొత్తం విలువ రూ.2,09,050 కోట్లు. అదే ఏడాది బడ్జెట్ అంచనాల్లో రక్షణ దళాల మూలధన వ్యయానికి కేటాయించినది రూ.1,72,000 కోట్లు. ఒక ఏడాదిలో చేసుకున్న ఒప్పందాల విలువ ఆ ఏడాది మూలధన పద్దు మొత్తాన్ని దాటిపోయింది. ఇందులో చట్ట ఉల్లంఘన ఏదీ లేదు. ఎందుకంటే భారతదేశంలో చట్టం హద్దు గీసినది ఏడాదిలో జరిగే చెల్లింపులకు. రానున్న ఏళ్లకు సంబంధించి ప్రభుత్వం ఎంత మేరకు మాట ఇవ్వవచ్చో చెప్పే చట్టబద్ధమైన పరిమితి లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే ఈ అంశమంతటికీ కీలకం.

రాజ్యాంగం ఏం చెబుతోంది?

కేంద్ర ప్రభుత్వ ఆదాయం, అప్పులు అన్నీ భారత సంచిత నిధిలో జమ అవుతాయి. చట్ట ప్రకారం, రాజ్యాంగం నిర్దేశించిన ప్రయోజనాలకు, నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఆ నిధి నుంచి సొమ్ము తీయరాదని 266వ అధికరణం స్పష్టం చేస్తోంది. ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఆదాయ వ్యయాల అంచనాల నివేదికను పార్లమెంటు ముందుంచాలని 112వ అధికరణం ఆదేశిస్తోంది. వ్యయ అంచనాలు గ్రాంట్ల డిమాండ్ల రూపంలో లోక్‌సభ ముందుకు రావాలని 113వ అధికరణం, సభ ఆమోదించిన మొత్తాలను సంచిత నిధి నుంచి తీసేందుకు ద్రవ్య వినియోగ బిల్లు అవసరమని 114వ అధికరణం చెబుతున్నాయి.

ఖర్చు కాని సొమ్ము మురిగిపోతుందన్న మాట రాజ్యాంగంలో విడిగా ఎక్కడా కనిపించదు. అంచనాలు, డిమాండ్లు, ద్రవ్య వినియోగ చట్టం అన్నీ ఒక ఆర్థిక సంవత్సరానికి సంబంధించినవే కావడంతో, ఆ సంవత్సరం ముగియగానే వాటి ద్వారా లభించిన అధికారం కూడా ముగుస్తుంది. మిగిలిన మొత్తాన్ని తరువాతి ఏడాదికి మోసుకుపోవడానికి వీలులేదు. కావాలంటే పార్లమెంటు నుంచి కొత్తగా మంజూరు పొందాలి.

రక్షణ శాఖకు సంబంధించిన వ్యయం నాలుగు డిమాండ్లుగా సభకు వస్తుంది. మంత్రిత్వ శాఖ పౌర వ్యయం, రక్షణ దళాల రెవెన్యూ వ్యయం, రక్షణ దళాల మూలధన వ్యయం, రక్షణ పింఛన్లు. ఆయుధాలు, విమానాలు, నౌకల కొనుగోళ్లు ప్రధానంగా మూడో డిమాండ్ కిందికి వస్తాయి. 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు మొత్తం రూ.6,81,210 కోట్లు కేటాయించగా, అందులో మూలధన వ్యయం వాటా రూ.1,80,000 కోట్లు. దళాల ఆధునికీకరణకు అందులో రూ.1,48,722 కోట్లు ప్రతిపాదించారు.

ఒక డిమాండ్‌లో మిగిలిన సొమ్మును మరో డిమాండ్‌కు ప్రభుత్వం తనంతట తాను మళ్లించరాదు. రెవెన్యూ పద్దులో ఆదా అయిన మొత్తంతో విమానాల వాయిదా చెల్లించాలన్నా పార్లమెంటు అనుమతి తప్పనిసరి. ఒకే డిమాండ్‌లోని వేర్వేరు శీర్షికల మధ్య మార్పులకు మాత్రం నిబంధనలకు లోబడి ప్రభుత్వానికి వెసులుబాటు ఉంది.

ఒప్పందం చేసుకునే అధికారం ఎవరిది?

కేంద్ర ప్రభుత్వ కార్యనిర్వాహక అధికారం కింద జరిగే ఒప్పందాలన్నీ రాష్ట్రపతి పేరిట, రాష్ట్రపతి అధికారం ఇచ్చిన వ్యక్తుల ద్వారా జరగాలని 299వ అధికరణం నిర్దేశిస్తోంది. ఈ పద్ధతిని పాటించడం తప్పనిసరి అన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1962లో భిక్‌రాజ్ జైపురియా కేసులో నిలబెట్టింది. రాజ్యాంగానికి ముందున్న 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోని ఇదే తరహా నిబంధనపై ఆ తీర్పు వెలువడింది.

ఒప్పందానికి ముందు ఆ కొనుగోలుకు పార్లమెంటు విడిగా ఆమోదం తెలపాలని మాత్రం ఏ అధికరణమూ కోరడం లేదు. ఆ నిర్ణయం పూర్తిగా కార్యనిర్వాహక వ్యవస్థదే. 2020 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన రక్షణ కొనుగోళ్ల విధానం ప్రకారం, రక్షణ మంత్రి అధ్యక్షతన గల రక్షణ కొనుగోళ్ల మండలి పెద్ద ప్రతిపాదనల అవసరాన్ని గుర్తించి ప్రాథమిక ఆమోదం ఇస్తుంది. ఆ తరువాత టెండర్లు, క్షేత్ర పరీక్షలు, ధరపై బేరసారాలు జరుగుతాయి. తుది దశలో విలువను బట్టి ఆర్థిక ఆమోదం ఇచ్చే అధికారి మారతారు. రూ.3,000 కోట్లు దాటిన ప్రతిపాదనలు ప్రధానమంత్రి అధ్యక్షతన గల భద్రతా వ్యవహారాల క్యాబినెట్ కమిటీ ముందుకు వెళతాయి.

మండలి ఇచ్చే ప్రాథమిక ఆమోదం వల్ల ఖజానాపై ఎలాంటి చెల్లింపు బాధ్యతా పడదు. వేల కోట్ల రూపాయల ప్రతిపాదనలకు పచ్చజెండా అంటూ వెలువడే వార్తల్లో అధిక భాగం ఈ దశకు సంబంధించినవే. చెల్లింపు బాధ్యత మొదలయ్యేది ఒప్పందంపై సంతకంతోనే.

ఈ విధానం కింద ప్రణాళికలు కూడా మూడు కాలావధుల్లో తయారవుతాయి. దళాల సామర్థ్య అభివృద్ధికి పదేళ్ల సమగ్ర ప్రణాళిక, మూలధన కొనుగోళ్లకు ఐదేళ్ల ప్రణాళిక, దాని నుంచి రెండేళ్ల కాలానికి ఏటా సవరిస్తూ పోయే కొనుగోళ్ల జాబితా. పది, ఐదు, రెండు ఏళ్ల లెక్కన ఆలోచించే యంత్రాంగం చేతికి అందే సొమ్ముకు మాత్రం గడువు ఒక్క ఏడాదే.

చెల్లింపులు ఎలా జరుగుతాయి?

పెద్ద ఒప్పందాల్లో సొమ్మును ఒకేసారి చెల్లించరు. సంతకం తరువాత కొంత మొత్తం ముందస్తుగా, ఆపై పనిలో నిర్దిష్ట దశలు పూర్తయిన కొద్దీ మరికొంత, సరఫరాలు అందాక మిగిలినది చెల్లించడం రివాజు. అందువల్ల ఒక ఒప్పందపు భారం ఏయే ఏడాదిలో ఎంత పడుతుందన్నది పని పురోగతిని బట్టి ఉంటుంది.

ఫ్రాన్స్‌తో 2016 సెప్టెంబరు 23న కుదిరిన 36 రఫేల్ విమానాల ఒప్పందం విలువ సుమారు 787 కోట్ల యూరోలు. తొలి విడత విమానాలు 2020 జులైలో భారత్‌కు చేరగా, చివరిది 2022 డిసెంబరులో వచ్చింది. విదేశీ మారకంలో జరిగే ఇలాంటి ఒప్పందాల్లో రూపాయి విలువ తగ్గితే, ఒప్పంద ధర మారకపోయినా పద్దుపై భారం పెరుగుతుంది.

హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌తో 2021 ఫిబ్రవరి 3న 83 తేజస్ మార్క్-1ఎ విమానాల కోసం సుమారు రూ.48,000 కోట్ల ఒప్పందం జరిగింది. 2024 మార్చి నాటికి సరఫరాలు మొదలు కావలసి ఉండగా, అమెరికా నుంచి రావలసిన ఇంజిన్లలో మొదటిది 2025 మార్చిలో గాని అందలేదు. సరఫరాతో ముడిపడిన చెల్లింపులు అనుకున్న ఏడాది జరగకపోతే అవి ముందుకు జరుగుతాయి. వాటి కోసం కేటాయించిన సొమ్మును మాత్రం ముందుకు జరపడానికి వీలుండదు. ఈలోగా 2025 సెప్టెంబరులో మరో 97 తేజస్ విమానాలకు రూ.62,370 కోట్లకు పైగా విలువైన ఒప్పందం కుదిరింది. వాటి సరఫరా 2027-28లో మొదలై ఆరేళ్లపాటు సాగవలసి ఉంది.

తెలుగు రాష్ట్రాల్లోని రక్షణ సంస్థలకూ ఇది వర్తిస్తుంది. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ 2023 ఆగస్టు 25న నౌకాదళానికి ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకలు నిర్మించేందుకు సుమారు రూ.19,000 కోట్ల ఒప్పందంపై సంతకం చేసింది. తొలి నౌకను 2027లో అప్పగించవలసి ఉంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే భారత్ డైనమిక్స్‌కు 2023 మార్చి 30న సైన్యం కోసం మెరుగుపరచిన ఆకాశ్ క్షిపణి వ్యవస్థల తయారీకి రూ.8,160 కోట్లకు పైగా విలువైన ఒప్పందం దక్కింది. ఇలాంటి సంస్థలకు, వాటికి విడిభాగాలు అందించే చిన్న పరిశ్రమలకు పద్దులో సొమ్ము ఉండటం ఎంత ముఖ్యమో, అది సకాలంలో చేతికి రావడమూ అంతే ముఖ్యం.

మార్చి 31 గడువు

ఏడాది మధ్యలో ప్రతి శాఖా తన ఖర్చు తీరును సమీక్షించి సవరించిన అంచనాలు రూపొందిస్తుంది. ఖర్చు చేయలేమని తేలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా తిరిగి అప్పగించాలి. 2024-25లో రూ.1,72,000 కోట్లుగా ఉన్న రక్షణ మూలధన పద్దు సవరించిన అంచనాల్లో రూ.1,59,500 కోట్లకు తగ్గింది. తగ్గిన రూ.12,500 కోట్లు మరుసటి ఏడాది రక్షణ శాఖ ఖాతాలో చేరవు. 2025-26 కేటాయింపు కొత్తగా నిర్ణయమైనదే.

ఏడాది చివరి నెలల్లో హడావుడిగా ఖర్చు చేయడం ఆర్థిక క్రమశిక్షణను ఉల్లంఘించడమేనని 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనలు హెచ్చరిస్తున్నాయి. అయినా మార్చి నెలాఖరులో పెద్ద ఒప్పందాలు కుదరడం రక్షణ శాఖలో అరుదు కాదు. ఆకాశ్ ఒప్పందం మార్చి 30న జరగ్గా, 156 ప్రచండ్ హెలికాప్టర్ల కోసం రూ.62,700 కోట్ల విలువైన రెండు ఒప్పందాలు 2025 మార్చి 28న కుదిరాయి. గడువులోగా సంతకం పూర్తయితే, ఒప్పందం ప్రకారం చెల్లించవలసిన ముందస్తు మొత్తానికి ఆ ఏడాది పద్దును వాడుకునే వీలుంటుంది.

పాత బాకీలు, కొత్త అవసరాలు

గత ఏళ్లలో చేసుకున్న ఒప్పందాలపై ఈ ఏడాది చెల్లించవలసిన వాయిదాలను అధికార పరిభాషలో కమిటెడ్ లయబిలిటీ అంటారు. ఏటా మూలధన పద్దులో మొదటి హక్కు వీటిదే. అవి పోగా మిగిలినదే కొత్త కొనుగోళ్లకు దక్కుతుంది. ఒక్కోసారి ఏమీ మిగలదు.

అలాంటి పరిస్థితి 2018లో పార్లమెంటు దృష్టికి వచ్చింది. 2018-19లో సైన్యం ఆధునికీకరణకు కేటాయించిన రూ.21,338 కోట్లు, అప్పటికే నడుస్తున్న 125 పథకాలు, అత్యవసర కొనుగోళ్లు తదితరాలకు చెల్లించవలసిన రూ.29,033 కోట్లకు కూడా చాలవని నాటి సైనిక ఉప ప్రధానాధికారి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ రక్షణ వ్యవహారాల స్థాయీ సంఘానికి నివేదించారు. పాత బాకీలే పద్దును రూ.7,695 కోట్లు మించిపోయాయన్నమాట. చెల్లించక తప్పని బాధ్యతలకు పార్లమెంటు తగినంత సొమ్ము మంజూరు చేయని పక్షంలో ప్రభుత్వం ముందు మిగిలే మార్గాలు కొన్నే. కొత్త కొనుగోళ్లను వాయిదా వేయాలి, పాత ఒప్పందాల గడువులను పొడిగించుకోవాలి, లేదంటే అదనపు మంజూరు కోసం సభను ఆశ్రయించాలి.

పద్దు చాలకపోతే ఏమవుతుంది?

మంజూరైన సొమ్ము సరిపోకపోయినా, బడ్జెట్‌లో తలపెట్టని కొత్త సేవకు ఖర్చు అవసరమైనా 115వ అధికరణం ప్రకారం ప్రభుత్వం అనుబంధ పద్దులతో సభ ముందుకు రావచ్చు. మంజూరుకు మించి ఖర్చు జరిగిపోతే, ఆ తరువాత దానిని అదనపు గ్రాంటుగా సభ క్రమబద్ధం చేయాలి. అంతకుముందు ప్రజా పద్దుల సంఘం అందుకు కారణాలను పరిశీలిస్తుంది. యుద్ధం వంటి సందర్భాల్లో వ్యయం ఎంతవుతుందో ముందుగా వివరించలేనప్పుడు, వివరాలు లేకుండానే మొత్తంగా సొమ్ము మంజూరు చేసే అధికారాన్ని 116వ అధికరణం లోక్‌సభకు ఇచ్చింది.

పద్దు లేదన్న కారణం ప్రభుత్వాన్ని ఒప్పంద బాధ్యత నుంచి తప్పించదు. వాయిదాలు చెల్లించక వివాదం తలెత్తి మధ్యవర్తుల తీర్పు లేదా కోర్టు డిక్రీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా వస్తే, ఆ మొత్తం 112వ అధికరణం మూడో ఖండం ప్రకారం సంచిత నిధిపై నేరుగా పడే వ్యయంగా మారుతుంది. అలాంటి వ్యయంపై సభలో చర్చించవచ్చు గాని, ఓటింగ్ ఉండదు. సభ ఆమోదంతో జరగవలసిన చెల్లింపు, ఆలస్యమై వివాదంగా మారినప్పుడు, సభ కాదనడానికి వీల్లేని చెల్లింపుగా తిరిగి వస్తుంది. ఏటేటా పార్లమెంటుకు దక్కే ఓటు హక్కు ఎంతవరకు నిజమైన నియంత్రణ అన్న ప్రశ్న ఇక్కడే తలెత్తుతుంది.

మురిగిపోని నిధి ప్రతిపాదన

గడువు సమస్యకు పరిష్కారంగా ఏడాది చివర మురిగిపోని ప్రత్యేక నిధి ఉండాలన్న ప్రతిపాదన రెండు దశాబ్దాలుగా నలుగుతోంది. 2004-05 మధ్యంతర బడ్జెట్‌లో నాటి ఆర్థిక మంత్రి జశ్వంత్ సింగ్ రూ.25,000 కోట్లతో రక్షణ ఆధునికీకరణ నిధిని ప్రకటించారు. ఎన్నికల అనంతరం ప్రభుత్వం మారడంతో అది ఆచరణకు రాలేదు. అనంతర కాలంలో రక్షణ వ్యవహారాల స్థాయీ సంఘం ఇలాంటి నిధి అవసరాన్ని పలు నివేదికల్లో నొక్కి చెప్పింది.

రక్షణ, అంతర్గత భద్రతలకు ప్రత్యేక నిధుల ఏర్పాటు అవసరమా అన్న అంశాన్ని 2019లో కేంద్రం 15వ ఆర్థిక సంఘం పరిశీలనాంశాల్లో చేర్చింది. ఎన్.కె.సింగ్ అధ్యక్షతన గల ఆ సంఘం 2021-26 కాలానికి సుమారు రూ.2,38,354 కోట్లతో రక్షణ, అంతర్గత భద్రత ఆధునికీకరణ నిధిని సిఫార్సు చేసింది. సంచిత నిధి నుంచి బదిలీలు, రక్షణ రంగ ప్రభుత్వ సంస్థల్లో వాటాల విక్రయం, మిగులు రక్షణ భూముల ద్వారా వచ్చే ఆదాయం, రాష్ట్రాలకు లేదా ప్రజోపయోగ ప్రాజెక్టులకు బదిలీ అయ్యే రక్షణ భూములపై రాబడి దానికి వనరులుగా ఉండాలని సూచించింది. కేంద్రం ఈ సిఫార్సును సూత్రప్రాయంగా అంగీకరిస్తూ, నిధుల మార్గాలు, విధివిధానాలను తరువాత పరిశీలిస్తామని తెలిపింది.

ఇలాంటి నిధి సంచిత నిధి వెలుపల ప్రజా ఖాతాలో ఉంటుంది. 2017-18లో ఏర్పాటైన రాష్ట్రీయ రైల్ సంరక్షా కోశ్ వంటివి ఇలాంటి ప్రత్యేక ప్రయోజన నిధులే. అయితే ఆ నిధిలోకి సొమ్ము చేరాలన్నా, అందులోంచి తీసిన సొమ్మును ఖర్చు చేయాలన్నా పార్లమెంటు ఆమోదం అవసరమే. అది మార్చి 31 గడువు ఒత్తిడిని తొలగించగలదు. చాలని పద్దును చాలేలా చేయలేదు. నిధి పేరిట సొమ్మును పక్కన పెట్టడమంటే ఆ ఏడాది ఇతర అవసరాలకు అంతమేరకు కోత పెట్టడమేనన్నది దీనిపై ఉన్న ప్రధాన అభ్యంతరం. ఖర్చు కాక మిగిలిన మొత్తం ఆ ఏటి ద్రవ్యలోటును తగ్గించేందుకు ఉపయోగపడుతుందన్న వాస్తవం కూడా దీనికి తోడవుతోంది.

ఇతర దేశాల్లో ఎలా?

ఈ చిక్కును ఇతర ప్రజాస్వామ్య దేశాలు వేర్వేరు చట్టాలతో ఎదుర్కొంటున్నాయి. అమెరికాలో సైన్యం పోషణకు రెండేళ్లకు మించి నిధులు మంజూరు చేయరాదని రాజ్యాంగంలోనే ఉంది. ఈ పరిమితి ఆయుధ సామగ్రి కొనుగోళ్లకు వర్తించదని 1904లో అక్కడి అటార్నీ జనరల్ అభిప్రాయపడ్డారు. ప్రస్తుతం సాధారణ కొనుగోళ్ల నిధులకు మూడేళ్లు, నౌకా నిర్మాణ నిధులకు ఐదేళ్ల గడువు ఉంటుంది. కాంగ్రెస్ మంజూరు చేయని సొమ్ముకు ముందుగా ఒప్పందం చేసుకోవడాన్ని యాంటీ డెఫిషియెన్సీ చట్టం నిషేధిస్తోంది. తెలిసి ఉల్లంఘించిన అధికారికి 5,000 డాలర్ల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చు.

ఈ నిషేధానికి మినహాయింపుగా బహుళ సంవత్సర ఒప్పందాలకు అక్కడ ప్రత్యేక చట్టం ఉంది. గరిష్ఠంగా ఐదేళ్ల కొనుగోళ్లకు ఒకే ఒప్పందం చేసుకోవచ్చు. గణనీయమైన ఆదా ఉండాలి. అవసరం, నమూనా, నిధుల అంచనా నిలకడగా ఉండాలి. ఒప్పందం విలువ 50 కోట్ల డాలర్లు దాటితే కాంగ్రెస్ చట్టం ద్వారా విడిగా అనుమతించాలి. తరువాతి ఏళ్లలో నిధులు ఇవ్వరాదని కాంగ్రెస్ నిర్ణయిస్తే సంస్థకు చెల్లించవలసిన రద్దు పరిహారానికి ఒప్పందంలోనే గరిష్ఠ పరిమితి రాసుకుంటారు. వర్జీనియా తరగతి జలాంతర్గాములు ఈ పద్ధతిలో కొన్నవే.

ఫ్రాన్స్ వార్షిక బడ్జెట్‌లో రెండు వేర్వేరు అంకెలకు పార్లమెంటు ఆమోదం కోరతారు. ఆ ఏడాది ఎంత విలువకు ఒప్పందాలు చేసుకోవచ్చన్నది ఒకటి, ఎంత సొమ్ము చెల్లించవచ్చన్నది మరొకటి. 2024-2030 కాలానికి 413 బిలియన్ యూరోల సైనిక ప్రణాళికను ఆ దేశం 2023లో చట్టంగా చేసింది. ఆ చట్టం ఉన్నా సొమ్ము విడుదలకు ఏటా బడ్జెట్ ఆమోదం తప్పదు.

జర్మనీ బడ్జెట్ చట్టంలోనూ రానున్న ఏళ్ల బాధ్యతలకు విడిగా అనుమతి ఉంటుంది. 2.5 కోట్ల యూరోలు దాటిన సైనిక కొనుగోలు ఒప్పందాలు సంతకానికి ముందు పార్లమెంటు బడ్జెట్ కమిటీ ముందుకు వెళతాయి. 2022లో ఆ దేశం రాజ్యాంగాన్ని సవరించి సైన్యానికి 100 బిలియన్ యూరోల ప్రత్యేక నిధిని ఏర్పాటు చేసింది.

మూడు దేశాల విధానాల్లోనూ ఒక పోలిక ఉంది. ఏడాది చెల్లింపులతో పాటు భవిష్యత్తుకు ఇచ్చే మాటపైనా చట్టసభకు ముందుగానే చెప్పే అవకాశం ఉంది. భారత్‌లో గ్రాంట్ల డిమాండ్లు నగదు చెల్లింపులకు పరిమితం. ఒప్పందాల బాధ్యతకు విడిగా ఓటు లేదు.

పార్లమెంటు పరిశీలన ఎంత?

ఏటా రక్షణ శాఖ డిమాండ్లను 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘం పరిశీలిస్తోంది. అయితే దాని సిఫార్సులను పాటించి తీరాలన్న నిబంధన లేదు. సభలో అన్ని శాఖల డిమాండ్లపై చర్చకు సమయం దొరకదు. మిగిలిన వాటిని గిలెటిన్ పద్ధతిలో చర్చ లేకుండానే ఒకేసారి ఓటింగ్‌కు పెడతారు. రక్షణ డిమాండ్లు కూడా పలు సంవత్సరాల్లో ఆ జాబితాలో చేరాయి. ఖర్చు జరిగాక కాగ్ తనిఖీ, ప్రజా పద్దుల సంఘం విచారణ ఉంటాయి. రఫేల్ కొనుగోలుపై కాగ్ నివేదిక 2019 ఫిబ్రవరిలో పార్లమెంటుకు వచ్చేనాటికి ఒప్పందం జరిగి రెండేళ్లు దాటింది.

తొలి స్వదేశీ విమానవాహక నౌక విక్రాంత్ నిర్మాణం ఈ పరిస్థితికి స్పష్టమైన ఉదాహరణ. 2003లో రూ.3,261 కోట్లుగా ఆమోదం పొందిన అంచనా 2014 నాటికి రూ.19,341 కోట్లకు చేరింది. 2022 సెప్టెంబరు 2న నౌక జలప్రవేశ దశలన్నీ దాటి నౌకాదళంలో చేరింది. అన్నేళ్లలో ఏటా పార్లమెంటు ఆ ఏటి వాయిదాకు ఆమోదం తెలుపుతూనే వచ్చింది. అంచనా దాదాపు ఆరు రెట్లు పెరగడానికి ఆమోదం ఇచ్చినది మాత్రం క్యాబినెట్. సగం కట్టిన నౌకకు ఏ సభా నిధులు ఆపలేదు. మొదటి వాయిదాకు ఓటు వేసిన సభకు చివరి వాయిదా ఎంతవుతుందో తెలిసే ఏర్పాటు లేకపోతే, తరువాతి ఓట్లు లాంఛనంగా మారతాయి.

ఏటా ఓటు వేసే అధికారాన్ని వదులుకోకుండానే ఈ లోటును తీర్చే అవకాశం ఉంది. ప్రతి బడ్జెట్‌తో పాటు అమలులో ఉన్న రక్షణ ఒప్పందాలపై రానున్న ఏళ్లలో చెల్లించవలసిన మొత్తాలను, రహస్య వివరాలు బయటపడకుండా, ఏడాదివారీగా మొత్తంగా సభ ముందుంచవచ్చు. కొత్త ఒప్పందాల విలువకు ఏడాదికొక గరిష్ఠ పరిమితిని ద్రవ్య వినియోగ బిల్లుతో పాటే ఆమోదించవచ్చు. ఈ రెండింటికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. వాటి వల్ల ఆయుధ సంస్థలకు తమ బిల్లులు ఏ ఏడాది చెల్లుతాయో ముందుగా తెలుస్తుంది. దళాలకు కొత్త కొనుగోళ్లకు ఎంత మిగులుతుందో తేలుతుంది. పన్ను చెల్లించే పౌరుడి తరఫున సభకు వెళ్లిన సభ్యుడికి, తాను ఓటు వేస్తున్న వాయిదా వెనుక ఉన్న మొత్తం బాకీ ఎంతో కనిపిస్తుంది.